కోట్లిన్ నేర్చుకోవడానికి కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?

"అన్నా, యాప్స్ చేయడం నేర్చుకుందామని ఆండ్రాయిడ్ స్టూడియో వేశా. 8 జీబీ ల్యాప్‌టాప్ మొత్తం స్టక్ అయిపోతోంది. 16 జీబీది కొనాలా?" ఇంజినీరింగ్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నా జవాబు ఒక్కటే: ఇప్పుడే వద్దు. నాన్నతో ఈఎంఐ కట్టించే ముందు ఒక సాయంత్రం సెట్టింగ్స్ ముందు కూర్చోండి.

గూగుల్ లెక్క ప్రకారం స్టూడియో ఒక్కదానికే అయితే కనీసం 8 జీబీ ర్యామ్ చాలు. ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16 జీబీ ఉండాలి. భారం ఎక్కడుందో అర్థమైంది కదా! ఎమ్యులేటర్ అంటే ల్యాప్‌టాప్ లోపల ఇంకో ఫోన్ నడపడమే. అసలు ఫోన్ చేతిలో ఉండగా అదెందుకు?

ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ఛార్జింగ్ మాత్రమే ఎక్కే కేబుల్ పనికిరాదు, డేటా కేబుల్ ఉండాలి. ఇక రన్ నొక్కితే మీ యాప్ మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది.

ఇంకో మాట. కొత్త ప్రాజెక్ట్ మొదటిసారి తెరిచినప్పుడు గ్రేడిల్ కావాల్సిన లైబ్రరీలన్నీ డౌన్‌లోడ్ చేసుకుంటుంది. అది హ్యాంగ్ కాదు. హాస్టల్ వైఫైని నమ్ముకోకుండా మంచి నెట్ ఉన్నప్పుడు ఆ పని కానివ్వండి.

"పైథాన్‌లో అయితే ఇలా రాసి అలా రన్ చేస్తాం, దీనికింత తతంగమేంటి?" అంటారా? కోట్లిన్ స్టాటిక్ టైప్డ్ భాష. రన్ అయ్యేలోపే కంపైలర్ టైప్స్ అన్నీ సరిచూస్తుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరాలు పెట్టినా, నల్ వచ్చే చోట జాగ్రత్తపడకపోయినా అక్కడే ఎర్ర గీత పడుతుంది. యాప్ క్రాష్ అయ్యాక యూజర్ వన్ స్టార్ ఇస్తే తెలుసుకోవడం కన్నా ఇది నయం కదా!

భాషే ఇంకా కొత్త అయితే స్టూడియో కూడా అక్కర్లేదు. కోట్లిన్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. వేరియబుల్స్, ఫంక్షన్లు, క్లాసులు అక్కడే నేర్చేసుకోవచ్చు.

అయితే 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్ మీద మాత్రం నిజంగానే కష్టం. అప్పుడు కూడా ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. వీలుంటే ర్యామ్ పెంచండి.

గ్యాడ్జెట్ సైట్‌లో కూర్చుని 'కొనొద్దు' అనడం వింతగానే ఉంటుంది. కానీ మీ మొదటి యాప్ మీ ఫోన్‌లో పూర్తిగా పనిచేసిన రోజున కూడా ల్యాప్‌టాప్ చాలట్లేదనిపిస్తే, అప్పుడు అడగండి. ఏది కొనాలో చెప్తా.