ఖైదీ చేతిలో నాగలి

ఖైదు, జామీను, హాజరు, వాయిదా. న్యాయస్థానపు గుమ్మం తొక్కిన ప్రతి తెలుగువాని నోటా నలిగే ఈ మాటలన్నీ అరబ్బీ పారశీకాల నుండి ఉర్దూ మీదుగా మన భాషలోనికి నడిచి వచ్చినవే. ఆ త్రోవనే వచ్చిన మరి రెండు మాటలు రైతు, కౌలు. అరబ్బీలో కౌలు అనగా మాట, ఇచ్చిన వాక్కు. ఉర్దూ తెలుగులు పక్కపక్క బెంచీలపై చదువుకొనే కళాశాలలో ఇది పెద్ద విశేషమేమీ కాదు. కాని ఖైదీ, రైతు అను రెండు మాటలూ ఒకే మనిషికి వర్తించే చోటు ఒకటి మన రాష్ట్రంలో కలదని విద్యార్థులలో ఎందరికి తెలుసునో నాకు సందేహమే. అనంతపురం పట్టణానికి సమీపాన రెడ్డిపల్లె వద్ద 1965లో ఏర్పడిన ఖైదీల వ్యవసాయ క్షేత్రమే ఆ చోటు. దాదాపు పదునాలుగు వందల ఎకరాల నేల. ఎత్తైన ప్రాకారం లేదు. శిక్షపడినవారు ఆరుబయట దున్ని, విత్తి, కోసి, పశువులను మేపి, సాయంకాలం లెక్కకు హాజరై, తిరిగి తమ బసలకు చేరుకొంటారు.

కారాగారంలో శ్రమ కొత్తది కాదు. కొత్తది శ్రమకు అర్థం ఉండడం. 1836లో నియమితమై 1838లో నివేదిక సమర్పించిన కారాగార సంఘంలో మెకాలే సభ్యుడు. ఖైదీకి ఇచ్చే పని విసుగు పుట్టించేదిగా, ఏ ఆసక్తికీ తావివ్వనిదిగా ఉండవలెనని ఆ సంఘం అభిప్రాయపడింది. ఆ ఆలోచనకు బిడ్డలే తిరగలి, గానుగ, రాళ్ళు కొట్టే సమ్మెట. 1908లో ఒక పత్రికా వ్యాసం ప్రచురించిన నేరానికి జైలుకు పోయిన ఉర్దూ కవి హస్రత్ మోహానీ చేత అక్కడ గోధుమలు విసిరించారు. పగలంతా తిరగలి, మనసులో గజల్. మహాకవి కాబట్టి ఆ తిరగలి సాహిత్య చరిత్రకెక్కింది. పేరులేని వేలమంది విసిరిన పిండికి లెక్క ఎవరు వ్రాశారు? 1894 నాటి కారాగార చట్టం కఠిన శిక్ష పడినవానిచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదని హద్దు గీసింది కాని, ఆ పనికి ప్రతిఫలం ఏమిటో చెప్పలేదు. 1919-20 నాటి జైళ్ళ సంఘం మాత్రమే తొలిసారిగా శిక్షతోపాటు సంస్కరణ అను మాటను గట్టిగా పలికింది.

స్వాతంత్ర్యానంతరం 1952లో ఉత్తర ప్రదేశ్‌లో చంద్రప్రభ నదిపై ఆనకట్ట నిర్మాణానికి ఖైదీలను గోడల వెలుపలికి తెచ్చి, కూలి చెల్లించి, శిబిరాలలో ఉంచారు. సంపూర్ణానంద్ పేరిట ఆ శిబిరాలు ప్రసిద్ధి పొందినవి. రెండేళ్ళకు, 1954లో, నాటి హైదరాబాదు రాజ్యంలో మౌలాలీ వద్ద ఖైదీల వ్యవసాయ కాలనీ వెలసింది. తదనంతరం అది చర్లపల్లికి తరలింది. మౌలాలీ అనగానే కొండమీది దర్గా, ఉర్సు మనకు గుర్తుకు వస్తాయి. ఆ పేరు వెనుక కటకటాలు లేని ఒక కారాగారం కూడ ఉండినదని గుర్తుంచుకొనదగును. 2014 విభజనలో చర్లపల్లి తెలంగాణకు, అనంతపురం ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. నేల ఇచ్చినంతమాత్రాన స్వేచ్ఛ ఇచ్చినట్లు కాదు. బాపట్ల సమీపాన 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో స్టువర్టుపురం ఏర్పడింది. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన చట్టం క్రింద అక్కడికి చేర్చి భూములిచ్చి, సేద్యం చేయుమన్నారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటరాదన్నారు. ఏ న్యాయమూర్తీ శిక్ష వేయలేదు, ఏ నేరమూ రుజువు కాలేదు. అది కూడ ఒక విధంగా జైలు పొలమే. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయినా, ఆ ముద్ర మాత్రం జైలు నియమావళులలో దాగి బ్రతికింది. సంచార జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూచే నియమాలను, కులాన్నిబట్టి పాకీపని, వంటపని పంచే నియమాలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. డెబ్బది రెండేళ్ళు పట్టింది! కావున వ్యవసాయ క్షేత్రాన్ని మెచ్చుకొనేటప్పుడు, అక్కడికి ఎవరు వెళ్ళగలుగుతున్నారు, ఎవరు వెళ్ళలేకపోతున్నారు అని అడగడం మన ధర్మం.

ఎవరు వెళ్ళగలరు? శిక్ష ఖరారై, అందులో కొంత భాగం మూసిన జైలులో గడిపి, సత్ప్రవర్తన కనబరచి, ఆరోగ్యంగా ఉన్నవారు మాత్రమే. కొన్ని నేరాలవారికి అసలే ప్రవేశం లేదు. ఎంపికైనవారికి రెమిషన్, అనగా శిక్ష తగ్గింపు, మూసిన జైలులోకంటె ఎక్కువగా దొరుకుతుంది. ఆ తగ్గింపే అక్కడ కనబడని ప్రాకారం. పారిపోయినవాడు సంపాదించుకొన్న రోజులన్నీ ఒక్క రాత్రిలో పోగొట్టుకొనును. కనుకనే పారిపోయేవారు అరుదు.

వెళ్ళలేనివారి సంఖ్య చూడుడు. 2022 సంవత్సరాంతానికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉండగా వారిలో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదిఐదుగురికి పైగా, ఇంకను విచారణలో ఉన్నవారే. నేరం రుజువైనవానికి ఆరుబయలు, నాగలి, కూలి. రుజువు కానివానికి నాలుగు గోడలు, ఖాళీ చేతులు. ఇందులోని విపరీతం లెక్కల మాష్టారు చెప్పనక్కరలేదు. వీరిలో ఎందరో జామీను సొమ్ము లేక మాత్రమే లోపల ఉన్నారు. స్త్రీల సంగతి మరీ చెప్పరానిది. దేశంలో స్త్రీలకు ఆరుబయలు జైలు అన్నది వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంత అపురూపం. నాట్లు, కలుపు, కోతలు మన జిల్లాలో ఎవరి చేతులమీదుగా సాగుతున్నవో తెలిసినవారికి ఈ లోపం మరింత వింతగా తోచును.

ఇక కూలి. పంట పండించినవానికి పంటలో భాగమెంత? కూలి ఇవ్వకుండా ఖైదీచేత పని చేయించుకొనుట రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరియే అని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1988 నాటి తీర్పులలో ఒకదానిలో చెప్పింది. 1998 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కఠిన శిక్షలో భాగమైన శ్రమ వెట్టి కాదన్నది. కాని న్యాయమైన కూలి చెల్లించి తీరవలెననీ, దానిని నిర్ణయించడానికి ప్రభుత్వాలు సంఘాలు వేయవలెననీ, ఆ కూలిలో కొంత నేరానికి బలియైనవారి కుటుంబాలకు చేర్చే ఏర్పాటు ఉండవలెననీ పేర్కొన్నది. ఈ చివరి మాట నాకు అన్నింటికంటె విలువైనదిగా తోచినది. శిక్ష పేరిట ప్రభుత్వానికి పని దక్కుతున్నది, ఖైదీకి తగ్గింపు దక్కుతున్నది. చనిపోయినవాని భార్యాబిడ్డలకు దక్కినదేమి? ఖైదీకి బయటి కూలీతో సమానంగా కాకపోయినా దానికి చేరువగా కూలి చెల్లించినప్పుడే, అందులో నుండి వారికి తీసి ఇవ్వడానికి ఏమైనా మిగులుతుంది. అరకొర కూలిలో ఎవరి వాటా అని కోయగలం? కూలి పెంచుడనడం ఖైదీపై జాలి చూపుటే అని కొందరు పెద్దలు తలుస్తారు. అది బాధితుని పక్షాన చేసే వాదన కూడ.

మన సీమకు వద్దాము. ఉండి, ఆకివీడు, కాళ్ళ ప్రాంతాల నుండి దీర్ఘశిక్ష పడినవాడు సాధారణంగా చేరేది రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి. డచ్చివారి కోటగా మొదలై 1864లో జైలుగా మారి, 1870లో కేంద్ర కారాగారమైనదని చెప్పబడే చోటు. ఆవరణ 196 ఎకరాలు. కట్టడాలు అందులో నలభై ఎకరాలకు మించవు. అక్కడి నుండి వ్యవసాయ క్షేత్రానికి ఎంపికయ్యాడనుకొందాము. అనంతపురం ఇక్కడికి ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. ములాఖాత్ కోసం భార్య రెండు రాత్రులు ప్రయాణం చేయాలి, మూడు రోజుల కూలి పోగొట్టుకోవాలి. అందుచేత ఆమె వెళ్ళదు. ఇతడేమో పుట్టిననాటి నుండి కాలువ నీటిలో కాళ్ళు తడిపినవాడు. సార్వా, దాళ్వా తప్ప మూడవ కారు ఎరుగడు. అక్కడ ఏడాది వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. మెట్ట సేద్యం గొప్ప విద్యయే, కాదనను. కాని తిరిగి వచ్చినప్పుడు ఈ కొల్లేటి అంచున అది అతనికి ఏ కూడు పెట్టును?

అసలు కష్టం అతడు తిరిగి వచ్చిన పిమ్మటనే ప్రారంభమగును. పది, పదునాలుగు సంవత్సరాల తరువాత ఊరికి వచ్చినవానికి తాను నాట్లు వేసిన చేను చేపల చెరువై కనబడుతుంది, దాని ప్రక్కది రొయ్యల చెరువు. ఎకరా వరికి కావలసినన్ని చేతులు ఎకరా చెరువుకు అక్కరలేదు. కావలసిన కొద్దిమందికి మేత లెక్క, నీటి గుణం, గాలి యంత్రాల నిర్వహణ తెలిసి ఉండాలి. కౌలుకు తీసుకొందామా అంటే, మొదటే చెప్పితిని, కౌలు అనగా మాట. జైలు నుండి వచ్చినవాని మాట నమ్మి చేను అప్పగించే ఆసామి ఎవడు?

అందుచేత నా సూచన ఇది. డెల్టాలో పదునాలుగు వందల ఎకరాలు ఎవరూ ఇవ్వరు. అడగడం కూడ అవివేకమే. కాని రాజమహేంద్రవరం జైలుకు గల నేలలో కొంత చెరువులుగా మార్చి, శిక్ష ముగియడానికి రెండు మూడేళ్ళు ఉన్న గోదావరి జిల్లాల ఖైదీలకు చేపల పెంపకం నేర్పవచ్చును. గురువుల కొరకు దూరం పోనక్కరలేదు. మన ఉండిలోనే కృషి విజ్ఞాన కేంద్రం కలదు, మత్స్య పరిశోధనా స్థానం కలదు. బొచ్చె, శీలావతి పిల్లలను పెంచడం, చెరువు గట్టుమీద కూరగాయలు వేయడం, నీటిని పరీక్షించడం రైతులకు నేర్పే శాస్త్రజ్ఞులు నెలకొకసారి రాజమహేంద్రవరం వెళ్ళి రావడం అసాధ్యమా? నేర్చినవానికి ఆ సంస్థ పేరిట ఒక యోగ్యతాపత్రం ఇచ్చినచో, జైలు పేరు లేని ఒక కాగితమైనా అతని చేతిలో ఉంటుంది.

"చదువుకొన్న మా పిల్లలకే ఉద్యోగాలు లేవు, హంతకునికి చేపల పెంపకమా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో బాధ ఉన్నది, దానిని నేను తేలికగా తీసివేయను. కాని అతడు ఎలాగూ తిరిగి వస్తాడు. యావజ్జీవ శిక్ష పడినవారిలోనూ చాలామంది పదునాలుగేళ్ళు దాటిన పిదప ఏదో ఒక ఏడాది మన వీధిలోనికే వస్తారు. చేతిలో పనితో రావలెనా, లేకుండా రావలెనా అన్నదొక్కటే మన ముందున్న ఎంపిక. యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) చెర నుండి వెలువడి ధాన్యాగారాల బాధ్యత అడిగి తీసుకొన్న కథ ఖుర్ఆన్ పన్నెండవ అధ్యాయంలో మన విద్యార్థులందరూ చదివినదే. ఆయన నిర్దోషి, సరే. అయినా రాజు అడిగినది నీకేమి తెలియును అనియే గాని, ఎక్కడినుండి వచ్చితివి అని కాదు. గోల్కొండ చెరలో పన్నెండేళ్ళున్నాడని చెప్పుకొనే రామదాసును కొలిచే ఊళ్ళలో, చెర నుండి వచ్చినవానికి మాత్రం టీ కొట్టులో వేరు గ్లాసు!

మరొక సంగతి. ఉన్న నేలకు కూడ కన్ను పడుతున్నది. జైపూరులో సాంగానేరు ఆరుబయలు శిబిరం 1963 నుండి నడుస్తున్నది. ఖైదీలు కుటుంబాలతో నివసించి బయట పనులకు వెళ్ళివస్తారు. అట్టి శిబిరాల విస్తీర్ణం తగ్గించరాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. పట్టణం పెరిగినకొద్దీ ఎకరం విలువ పెరుగును. ఖైదీలకు ఓటు లేదు, కనుక వారి పక్షాన అడిగేవారుండరు. అనంతపురం పట్టణమూ పెరుగుతున్నది. కారాగారాలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనివి. కావున ఆ నేల కాపాడే బాధ్యత ఢిల్లీది కాదు, మన శాసనసభదే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు రెండు. ఏటా రంజానులో పోగయ్యే జకాత్‌ను వెచ్చించదగిన పద్దులలో బంధవిముక్తి ఒకటని తౌబా అధ్యాయంలోని అరువదవ వాక్యం చెబుతున్నది. జరిమానా కట్టలేక, జామీను పెట్టలేక జిల్లాలోని జైళ్ళలో మిగిలిపోయిన పేదలకు, ఏ మతం వారైనను, పండితుల సలహా తీసుకొని దానినో వేరే విరాళాన్నో వెచ్చించవచ్చునేమో ఆలోచించుడు. రెండవది, మన గ్రంథాలయంలో ఒకే పుస్తకానికి మూడు నాలుగు ప్రతులు ఉర్దూలోను తెలుగులోను దుమ్ముపట్టి ఉన్నవి. వానిలో వ్యవసాయం, పశుపోషణ, చేపల పెంపకం పైనున్నవి ఏరి రాజమహేంద్రవరం జైలు గ్రంథాలయానికి పంపుటకు అధికారుల అనుమతి కోరుతూ ఒక లేఖ వ్రాయవలెను. లేఖ చిత్తుప్రతిని రెండు భాషలలోను నేను సిద్ధం చేసి కార్యదర్శిగారికి అందజేసితిని. అట్టలు వేయడానికి, జాబితా వ్రాయడానికి ద్వితీయ సంవత్సరం విద్యార్థులు ఆరుగురు ఇప్పటికే పేర్లిచ్చినారు.