పేరు కనిపించే చోట

చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్షలు అయ్యాక జవాబు పత్రాలకు కోడింగ్ చేస్తారు. విద్యార్థి పేరు, హాల్ టికెట్ నంబరు ఉన్న భాగాన్ని తీసేసి ఒక కోడో బార్‌కోడో మాత్రం ఉంచుతారు. దిద్దడం ముగిశాకే అది ఎవరి పత్రమో తెలుస్తుంది. ఈ ఏర్పాటు తమను అవమానించిందని ఏ అధ్యాపకుడూ అనుకోడు. పేరు తెలిస్తే ఎంత నిజాయితీపరుడికైనా మార్కు అటో ఇటో జరగవచ్చని అందరూ ఒప్పుకున్న విషయమే. అదే అధ్యాపకుడు మర్నాడు వైవాకి కూర్చుంటాడు. ఎదురుగా విద్యార్థి ముఖం, పేరు, ఇంటిపేరు, యాస, బట్టలు అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ ఏ జాగ్రత్తా ఎందుకు లేదని అడిగి చూడండి. "నాకు అలాంటి పట్టింపులు లేవండీ, మా డిపార్ట్‌మెంట్‌లో కులం అన్న మాటే వినపడదు" అంటాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు. కానీ దానికి ఆధారం ఏముంది? కాగితం మీద పేరుకే తడబడగల మనసు, మనిషే ఎదురుగా కూర్చుంటే తడబడదని ఎలా తేల్చుకున్నాడు? రుజువు అడగకుండా పట్టుకున్నది కాబట్టి దీన్ని నేను నమ్మకం అనే అంటాను. చేతబడినీ వాస్తునీ పరీక్షించినట్టే దీన్నీ పరీక్షించాలి.

పరీక్షించిన వాళ్లున్నారు. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, ఆ పత్రాల పై పుటల మీద కులం, వయసు, ఆడో మగో అన్న వివరాలను చీటీలు తీసినట్టుగా మార్చి మార్చి రాయించారు. రాసిన పిల్లవాడికీ పై పుట మీది కులానికీ ఏ సంబంధమూ లేదు. ఆ పత్రాలను ఉపాధ్యాయులతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దదేమీ కాదు. అయితే ఒక్క మార్కుతో సీటు చేజారే దేశంలో చిన్న తేడా ఎవరికి చిన్నది? ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి ఉంది. అలా తక్కువ మార్కులు వేసినవాళ్లలో ప్రధానంగా కనిపించింది కింది కులాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులే.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో సైన్స్ ఆచార్యులు 127 మందికి ఒకే దరఖాస్తు పంపారు. కొందరికి జాన్ పేరుతో వెళ్లింది, మిగతావాళ్లకు జెన్నిఫర్ పేరుతో. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు, అతనికి ఇవ్వదలచిన జీతమూ ఎక్కువే. జెన్నిఫర్‌ను తక్కువ చేసినవాళ్లలో మహిళా ఆచార్యులు మగవాళ్లకు ఏమీ తీసిపోలేదు. పక్షపాతం అనగానే మనం ఒక దుర్మార్గుడిని ఊహించుకుంటాం. ఆ ఊహ మనకు చాలా హాయినిస్తుంది, ఎందుకంటే ఆ దుర్మార్గుడు ఎప్పుడూ వేరే ఎవరో అయి ఉంటాడు. ఈ ప్రయోగాల్లో దుర్మార్గులు లేరు. పుట్టి పెరిగిన సమాజం ఎవరు తెలివైనవాళ్లో, ఎవరు కారో చిన్నప్పటి నుంచి చెవిలో పోసిన లెక్కే వాళ్ల చేతుల్లో పనిచేసింది. ఆ లెక్కకు బలైనవాళ్లు సైతం దాన్ని వంటబట్టించుకున్నారు.

ఈ మరుగున పడి ఉండే పక్షపాతం మీద ప్రపంచమంతా చదివే పరిశోధన చేసినవారిలో ఒకరు మన సికింద్రాబాద్‌లో పెరిగిన మహ్‌జరీన్ బనాజీ. నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లారు. తన గురువు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి ఒక పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. తెర మీద కనిపించే ముఖాలను, మాటలను మీటలు నొక్కి వేరు చేయాలి. ఏ ముఖాన్ని ఏ మాటతో జత చేయడానికి మనసు ఎంత ఆలస్యం చేస్తుందో సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. తన పరీక్షలో తనకే పక్షపాతం కనబడిందని బనాజీ బహిరంగంగా చెప్పారు. ఆ పరీక్షకు లోపాలు లేకపోలేదు. ఒకే మనిషికి రెండు రోజుల్లో రెండు రకాల ఫలితాలు రావచ్చు. ఫలానా వ్యక్తి రేపు ఎలా ప్రవర్తిస్తాడో దాన్ని బట్టి చెప్పలేం. హేతువాదులం కనుక ఈ సంగతి దాచకూడదు. అందుకే నేను మనుషుల మనసుల లోపలికి తొంగిచూసే పరీక్షల కన్నా, మార్కుల్లో, ఎంపికల్లో బయటపడే తేడాలనే ఎక్కువ నమ్ముతాను.

ఇక మన క్యాంపస్‌ల ఆచారాలు చూద్దాం. హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లవాణ్ని మొదటి రోజు అడిగే ప్రశ్నలేమిటి? ఇంటిపేరు ఏంటి, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ, నాన్న ఏం చేస్తారు, ర్యాంకు ఎంత. కోస్తాలో కొందరు ఇంకాస్త తిన్నగా "మీరేవిట్లు?" అంటారు. కొందరు "మనోళ్లేనా?" అని గొంతు తగ్గిస్తారు. ఇందులో దేనికీ కులం అన్న మాట అక్కర్లేదు. తెలుగువాడికి ఇంటిపేరూ ఊరూ కలిస్తే చాలు, లెక్క తేలిపోతుంది. అదీ తేలకపోతే ర్యాంకు ఉంది. కన్వీనర్ కోటాలో ఆ ర్యాంకుకు ఆ బ్రాంచి ఏ కేటగిరీలో వస్తుందో ప్రతి విద్యార్థికీ నోటికి వచ్చు. అడిగినవాడు దాన్ని పరిచయం అనుకుంటాడు. అడిగించుకున్నవాడికి ఆ క్షణం నుంచి తరగతి గది మారిపోతుంది. ఏ పొరపాటు చేసినా అది తన పొరపాటుగా ఉండదని, తన జనమంతటి పొరపాటుగా చూస్తారని వాడికి తెలుసు.

ఈ ప్రశ్నలు ఏం చేస్తాయో చూపిన ప్రయోగమూ ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడులు ఇచ్చారు. ఎవరు ఎవరో ప్రకటించనప్పుడు దళిత పిల్లలు అగ్రకుల పిల్లలతో సమానంగా విప్పారు. తర్వాత వేరే బృందాల్లో ఆట మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. దళిత పిల్లలు విప్పిన చిక్కుముడుల సంఖ్య పడిపోయింది. పిల్లల తెలివి ఏమీ మారలేదు, చిక్కుముడులు అవే. మధ్యలో జరిగిందల్లా ఆ ప్రకటన. ఫ్రెషర్స్ పార్టీలో వేదిక మీదికి పిలిచి "నీ ర్యాంకు చెప్పు" అని చప్పట్లు కొట్టించే సీనియర్లకు ఈ ప్రయోగం చెప్పాలని నాకు ఎంతో కోరిక. కేటగిరీని అందరి ముందూ ప్రకటించడాన్ని, రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయడాన్ని యూజీసీ 2012 నిబంధనలు వివక్షగానే లెక్కగట్టాయి. ఆ నిబంధనలు వచ్చి ఇన్నేళ్లయినా ర్యాంకు అడిగే ఆచారం మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ ర్యాంకు మీద ఉన్న భక్తి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జాతకాలు చూసి నవ్వే భౌతికశాస్త్ర అధ్యాపకులు సైతం ఎంట్రన్స్ ర్యాంకును జాతకంలాగే చదువుతారు. ఒక పూట మూడు గంటల పరీక్షలో వచ్చిన అంకె మనిషి పుట్టుకతో తెచ్చుకున్న తెలివికి కొలత అని నమ్ముతారు. ఆ అంకె వెనుక ఎన్ని లక్షల కార్పొరేట్ కాలేజీ ఫీజు ఉందో, ఇంట్లో ఎన్ని తరాల చదువుందో, ఇంగ్లీషు ఏ వయసులో చెవిన పడిందో అందులో కనిపించదు. "కోటా వల్ల ప్రమాణాలు పడిపోతాయి" అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. ఇది తేల్చుకోదగిన మాటే, తేల్చి చూశారు కూడా. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ భారతీయ రైల్వేల 1980 నుంచి 2002 వరకు లెక్కలు తీసి, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగినప్పుడు ఉత్పాదకత తగ్గిందా అని చూశారు. తగ్గినట్టు ఎక్కడా తేలలేదు. పై స్థాయి అధికారుల పోస్టుల్లో వాళ్ల వాటా పెరిగిన చోట పనితీరు మెరుగుపడినట్టు కొన్ని లెక్కల్లో కనబడింది. 2014లో అచ్చయిన ఈ ఫలితాన్ని ప్రమాణాల గురించి బాధపడే మిత్రులకు చెప్పినప్పుడల్లా మాట మారుస్తారు. రుజువు ఎదురైనప్పుడు మాట మార్చడం ఏ గుడి ముందు నిలబడ్డ భక్తుడి లక్షణమో మనకు తెలియనిది కాదు.

మార్కుల పత్రాల దగ్గరికి వస్తే సాక్ష్యం మరీ సూటిగా ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2012 నుంచి 2015 దాకా జరిగిన పరిశోధన ప్రవేశాల్లో రాత పరీక్ష మార్కులను, వైవా మార్కులను పక్కపక్కన పెట్టి చూసింది. రాత మార్కులకూ వైవా మార్కులకూ మధ్య తేడా వర్గాల వారీగా కనిపించింది. వైవాకి ఉన్న 30 మార్కులను 15కి తగ్గించమని కమిటీ సిఫారసు చేసింది. 2007లో ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ ఇచ్చిన నివేదికలోనూ ప్రాక్టికల్స్, వైవాల్లో పరీక్షకులు కులం ఆరా తీస్తున్నారని విద్యార్థులు చెప్పారు. ఇంత తెలిసీ యూజీసీ 2016లో ఏం చేసింది? పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాత పరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపిక మొత్తాన్నీ వైవాకి అప్పగించింది. పేరు మూసిన చోటి మార్కుకు విలువ లేకుండా చేసి, పేరు కనిపించే చోటి మార్కుకే విలువంతా కట్టబెట్టింది. విద్యార్థుల ఆందోళనలు, కోర్టు కేసుల తర్వాత 2018లో అది రాతకు 70, వైవాకి 30గా మారింది. ఆ రెండేళ్లలో తలుపు బయటే ఆగిపోయినవాళ్లు ఎందరో మనకు ఎవరూ లెక్క చెప్పరు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ మాటలకు దూరంగా లేదు. 2008లో భౌతికశాస్త్ర పరిశోధన విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడులో ఒక పేద దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు, అతనికి గైడ్‌ను కేటాయించనే లేదు. గైడ్ కేటాయింపుకు రాతపూర్వకమైన, అందరికీ ఒకేలా వర్తించే పద్ధతి లేకపోతే ఎవరు మిగిలిపోతారో ఊహించడం కష్టం కాదు. ఆచార్యుడు తనకు "నచ్చిన" విద్యార్థిని తీసుకుంటాడు, ఆ నచ్చడంలో ఏమేం కలిసి ఉన్నాయో ఆయనే ఎరగడు. 2015లో అయిదుగురు దళిత పరిశోధకులను సస్పెండ్ చేశారు, ఆ తర్వాత హాస్టల్ నుంచి పంపించారు. వాళ్లు క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచిన చర్చ ఏమిటి? అతను నిజంగా ఏ కులం అన్నది. చనిపోయిన కుర్రాడి తల్లి గుమ్మం ముందు నిలబడి సర్టిఫికెట్ అడగడం కన్నా ఈ దేశంలో కులం ఎంత లోతుగా దిగిందో చెప్పే సాక్ష్యం నాకు మరొకటి తెలియదు.

వైవిధ్యం అంటే ప్రవేశాల జాబితాలో అన్ని వర్గాల పేర్లూ ఉండటమని చాలా విద్యాసంస్థలు సరిపెట్టుకుంటాయి. లోపలికి వచ్చాక వాళ్లు ఎలా ఉంటారన్నది తర్వాతి మాట. 2023లో ఐఐటీ బొంబాయి మెస్‌లో కొన్ని బల్లలను శాకాహారులకే కేటాయించారు, దానికి నిరసనగా ఆ బల్ల మీద మాంసాహారం తిన్న విద్యార్థికి ₹10,000 జరిమానా వేశారు. శుభ్రత పేరుతో వచ్చిన ఆ గీత పాత అంటరానితనపు గీతే. తెలంగాణ పల్లె యాసలోనో శ్రీకాకుళం యాసలోనో సెమినార్ చెప్పిన పిల్లను చూసి వెనక బెంచీల్లో వినపడే నవ్వూ అలాంటిదే, కాకపోతే దాన్ని ఎవరూ వివక్ష అనరు.

ఇప్పుడు చాలా చోట్ల అవగాహన సదస్సులు పెడుతున్నారు. ఓ పూట వక్త వచ్చి స్లయిడ్లు చూపించి వెళతారు, ఫొటో పేపర్లో వస్తుంది. మరుగున ఉన్న పక్షపాతాన్ని తగ్గించే పద్ధతుల మీద జరిగిన వందల అధ్యయనాలను 2019లో కలిపి చూసినప్పుడు, పరీక్షలో వచ్చే అంకె కాస్త మారినా ప్రవర్తన మారినట్టు తేలలేదు. మనసు మారితే అన్నీ సర్దుకుంటాయన్నదీ ఒక నమ్మకమే, దానికీ రుజువు చిక్కలేదు.

మంచి మనసు మీద ఆధారపడితే ఏమవుతుందో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల చరిత్ర చెబుతుంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో, నూరేళ్ల కిందటే, ఆడపిల్లలకూ దళితులకూ అక్కడ చోటు దొరికింది. ఆయన వెళ్లిపోయాక, అదే కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్న గోరా దేవుడు లేడన్నందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. తలుపులు తెరిచింది ఒక మనిషి ఔదార్యం, మనిషి మారగానే తలుపు మూసుకుంది. ఆ ఔదార్యాన్ని నేను తక్కువ చేయను, గౌరవిస్తాను. కానీ చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఎవరి ఔదార్యం కోసమూ ఎదురుచూడకూడదు.

కావలసినవి మామూలు పనులే. వైవాలో అందరికీ ఒకే వరస ప్రశ్నలు, ముందే రాసుకున్న మార్కుల పద్ధతి, మొత్తం సంభాషణ రికార్డు. గైడ్ కేటాయింపుకు గడువు, కారణం రాతలో చెప్పకుండా ఎవరినీ తిప్పి పంపకూడదన్న నియమం. 2012 నిబంధనలు కోరిన వివక్ష నిరోధక అధికారి ఎవరో, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం తేల్చారో ఏటా ప్రకటన. అన్నిటికన్నా ముందు, రాత మార్కులూ వైవా మార్కులూ వర్గాల వారీగా పక్కపక్కన అచ్చు వేయడం. నఫే కమిటీకి దీనికోసం కావలసి వచ్చినవి సొంత విశ్వవిద్యాలయం దగ్గరున్న నాలుగేళ్ల జాబితాలు. అలాంటివే ఉస్మానియాలో, ఆంధ్రాలో, కాకతీయలో, హెచ్‌సీయూలో ఉన్నాయి. వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాల ప్రకటన వెలువడే లోపు వాటిని బయట పెట్టమని ఉపకులపతులను అడుగుతున్నాను. తమ డిపార్ట్‌మెంట్‌లో కులం లేదని నమ్మే అధ్యాపకులు ఈ కోరిక మీద అందరికన్నా ముందు సంతకం చేయాలి.