పొగమంచు తీసేసినవాళ్ళు

నేను వైస్ సిటీ ఆడింది దొంగ కాపీలోనే. ముందే ఒప్పేసుకుంటే మంచిది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ట్యూషన్ కింద నెట్ సెంటర్, గంటకి 15 రూపాయలు. మిషన్లు ఎవరూ ఆడేవాళ్ళం కాదు. పాంజర్ అని టైపు చేసి ట్యాంకు దింపుకోవడం, పోలీసులు వెంటపడుతుంటే ఊరంతా తిరగడం, టైమైపోయిందని అన్న అరిస్తే లేచిపోవడం. అయినా ఆ ఊరి సందులు నాకు మా బస్తీ సందులంత బాగా తెలుసు.

2021 నవంబరులో రాక్‌స్టార్ వాళ్ళు జీటీఏ త్రీ, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడింటికీ కొత్త రంగులేసి, ‘డెఫినిటివ్ ఎడిషన్’ అని పేరుపెట్టి 60 డాలర్లకి అమ్మారు. బగ్గుల గురించి అప్పుడే అందరూ తిట్టేశారు. నా కోపం వాటి మీద కాదు.

పాత ఆటలో టఫ్ నట్ అని ఒక డోనట్ల కొట్టు ఉంటుంది. బోర్డు మీద డోనట్‌కి బదులు ఆరు మూలల ఇనప నట్టు. అంతే, చిన్న జోకు. కొత్తదాంట్లో బొమ్మలన్నీ నున్నగా చేసే ఊపులో ఆ మూలలు కూడా అరగదీసేశారు. గుండ్రటి చక్రం మిగిలింది, జోకు పోయింది. ఎవరో ఆర్టిస్టు నవ్వుకుంటూ పెట్టిన నట్టు అది. ఆ బోర్డుని ఒక్కసారి చదివిన మనిషి ఉన్నా బతికేది. పని చేసింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే చిన్న స్టూడియో. తప్పంతా వాళ్ళదని నేననను. పనెవరికివ్వాలో, ఎప్పటికి అమ్మాలో తేల్చేది పైవాళ్ళు.

శాన్ ఆండ్రియాస్‌లో పొగమంచు సంగతి ఇంకా ఘోరం. ప్లేస్టేషన్ 2కి అంత దూరం చూపించే సత్తువ లేదు. అందుకని 2004లో దూరాన్ని పొగమంచుతో కప్పేశారు. ఆ లేమిలోంచే ఒక దేశం పుట్టింది. లాస్ శాంటోస్‌లో బయల్దేరి పొలాలూ అడవులూ దాటి శాన్ ఫియరో చేరితే నిజంగా ఎక్కడికో వచ్చినట్టుండేది. కొత్త యంత్రాలకి మంచెందుకని తీసేశారు. విమానమెక్కి చూస్తే మూడు నగరాలూ, ఎడారీ, మౌంట్ చిలియాడూ అన్నీ కలిపి పెరట్లో పేర్చిన బొమ్మల కొలువు!

“ఫ్రీగా ఆడినోడివి, నీకెందుకన్నా ఈ గొడవ?” అంటాడు మా తమ్ముడు. సరే, డబ్బు పెట్టేవాడి సంగతే చూద్దాం. కొత్తది రాకముందే, అక్టోబరులో, పాత మూడింటినీ డిజిటల్ షాపుల్లోంచి తీసేశారు. అంటే ఆ రోజుల్లో అసలు వైస్ సిటీ కావాల్సినవాడికి పాత డిస్కో, మా నెట్ సెంటర్ అన్న హార్డ్ డిస్కో తప్ప దిక్కులేదు. గొడవయ్యాక క్షమాపణ చెప్పి పీసీ వెర్షన్లు మళ్ళీ పెట్టారు. జనం తిట్టకపోతే పెట్టేవాళ్ళా?

లాభం కోసం చేశారన్నది నా ఫిర్యాదు కాదు. 2002లో మాత్రం ధర్మానికి చేశారా? కాకపోతే అప్పుడు అమ్ముడుపోవాలంటే కొత్త ఊరు కట్టాల్సొచ్చేది. 2001, 2002, 2004: మూడు ఆటలు. 2013లో జీటీఏ ఫైవ్ వచ్చింది. దాని వెనకే ఆన్‌లైన్, షార్క్ కార్డులు, అంటే అసలు డబ్బిచ్చి ఉత్తుత్తి డబ్బు కొనుక్కోవడం. ఆ ఒక్క ఆటనే మూడు తరాల కన్సోళ్ళకి అమ్మారు. మైకేల్, ఫ్రాంక్లిన్, ట్రెవర్‌ల కథకి కొనసాగింపు ఉందన్నారు, రాలేదు. ఆరోదాని ట్రైలర్ చూడ్డానికే పదేళ్ళు పట్టింది. కట్టిన ఊరే నెలనెలా అద్దె తెస్తుంటే కొత్త పునాదులెవడు తవ్వుతాడు?

2024 నవంబరులో ఒక ప్యాచ్ వచ్చింది. పాత వెలుతురూ పొగమంచూ తిరిగొచ్చాయి, మూడేళ్ళకి. ఆట మొదట్లో కనిపించే తెర మీంచి గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరు మాత్రం తీసేశారు.