ఐస్‌లాండ్ చుట్టూ యాత్ర: వీసా అడిగేది ఒకటి, ద్వీపం అడిగేది మరొకటి

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే. ఏటా అక్కడికి వచ్చే విదేశీ పర్యాటకులు మాత్రం ఇరవై లక్షలకు పైమాటే. ద్వీపాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి, అంటే రింగ్ రోడ్డు, ఈ పర్యాటకానికి వెన్నెముక. దాని పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. తారు రోడ్డుపై గంటకు 90 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్నందున రెండు మూడు రోజుల్లో చుట్టేయవచ్చని కాగితంపై అనిపిస్తుంది. ప్రణాళిక తప్పేది ఈ లెక్క దగ్గరే.

ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాకపోయినా, 2001 నుంచి ఐస్‌లాండ్ షెంజెన్ ప్రాంతంలో భాగం. అందువల్ల భారతీయులు షెంజెన్ వీసా తీసుకోవాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణ తేదీలు, బస వివరాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ముందే చూపాలి. అంటే వీసా కోరేది రోజువారీగా స్థిరపడిన ప్రణాళిక. వాతావరణం గంటగంటకూ మారే ద్వీపం కోరేది ఎప్పుడైనా మార్చుకోగల ప్రణాళిక. యాత్రికుడి అసలు సమస్య ఈ వైరుధ్యమే.

ఆ రహదారి చరిత్రే ఇందుకు సాక్ష్యం. హిమానీనదాల వరదలు ముంచెత్తే దక్షిణ తీరపు ఇసుక మైదానాలపై వంతెనలు కట్టిన తరువాత, 1974లో గాని వలయం పూర్తి కాలేదు. 2011 జూలైలో అలాంటి వరదే మరో వంతెనను కొట్టుకుపోవడంతో ప్రధాన మార్గం తెగిపోయింది. తాత్కాలిక వంతెన సిద్ధం కావడానికి వారం పట్టింది. అది పర్యాటకుల రద్దీ కాలం.

చలికాలంలో ముప్పు మరింత ఎక్కువ. డిసెంబరు చివర రేక్యావిక్‌లో పగటి వెలుగు సుమారు నాలుగు గంటలే. 2018 డిసెంబరులో దక్షిణ ప్రాంతంలోని ఒకే వరుస వంతెనపై నుంచి వాహనం పడిపోయి, భారత సంతతికి చెందిన బ్రిటన్ కుటుంబంలో ముగ్గురు మరణించారు. తరువాత అక్కడ రెండు వరుసల వంతెన నిర్మించారు. ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన భారతీయులకు కుడివైపు రాకపోకలు, మంచు, ఈదురుగాలి కలిసి కఠిన పరీక్ష పెడతాయి.

బీమాపైనా స్పష్టత అవసరం. వీసా కోసం తీసుకునే పాలసీ ప్రధానంగా అత్యవసర వైద్యానికి, స్వదేశానికి తరలింపునకు ఉద్దేశించినది. గాలికి విరిగిన కారు తలుపు, ఇసుక తుపానుకు దెబ్బతిన్న అద్దాలు దాని పరిధిలోకి రావు. అద్దె ఒప్పందంలో వాటికి రక్షణ ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

అగ్నిపర్వతాల భయాన్ని కూడా సరైన కొలతలో చూడాలి. 2023 నవంబరులో గ్రిండావిక్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. డిసెంబరు నుంచి సమీపంలో పలుమార్లు లావా ఎగసింది. ప్రభావం ప్రధానంగా రేక్యానెస్ ద్వీపకల్పానికే పరిమితమైంది. రింగ్ రోడ్డు ఆ ప్రాంతం గుండా వెళ్లదు.

కాబట్టి వేసవిలో పూర్తి వలయానికి పది రోజులు కేటాయించి, అందులో రెండింటిని ఖాళీగా ఉంచుకోవడం వివేకం. ఆ రెండు రోజులను వీసా దరఖాస్తులోనే చేర్చాలి. అనివార్య పరిస్థితుల్లో గడువు పొడిగింపునకు నిబంధన ఉన్నా, యాత్ర మధ్యలో కార్యాలయాల చుట్టూ తిరగడం ఎవరికీ ఇష్టం కాదు. గదులు రద్దు చేసుకున్నా డబ్బు తిరిగివచ్చే షరతుపైనే తీసుకోవాలి. చలికాలంలోనైతే వలయాన్ని వదిలి, రేక్యావిక్ నుంచి దాదాపు 190 కిలోమీటర్ల దూరంలోని వీక్ వరకు దక్షిణ తీరాన్ని చూడటం మేలు.

ప్రమాదంలో పడిన పర్యాటకుల కోసం తుపానులోకి వెళ్లేది అక్కడ ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. రోడ్డు మూసివేత హెచ్చరికను పాటించి ఒక రోజు ఆగే యాత్రికుడు తన ప్రాణంతో పాటు వారి ప్రాణాలనూ కాపాడినట్లే.