ఒక్క రికార్డు మీద నడిచే గ్రంథాలయం

గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను మాడ్యూళ్లుగా కడతారు. పుస్తకాల కొనుగోలుకు ఒకటి, క్యాటలాగుకు ఒకటి, ఇష్యూ-రిటర్న్‌కు ఒకటి, సభ్యత్వాలకు ఒకటి, పత్రికలకు ఒకటి, పాఠకుడు వెతుక్కునే తెరకు ఒకటి. పదివేల పుస్తకాలున్న డిగ్రీ కాలేజీ, లక్షల పుస్తకాలున్న విశ్వవిద్యాలయం, ఒకే గదిలో నడిచే శాఖా గ్రంథాలయం మూడూ ఒకే సాఫ్ట్‌వేర్‌తో పని నడుపుకోవచ్చు. ఎవరికి అవసరమైన మాడ్యూళ్లు వారు తెరుచుకుంటారు, మిగిలినవి మూసి ఉంచుతారు. వీటన్నిటికీ ఆధారం మాత్రం ఒక్కటే, పుస్తకం గురించిన రికార్డు. కొనేటప్పుడు కమిటీలు తెర అందంగా ఉందా, రిపోర్టులు రంగుల్లో వస్తున్నాయా అని చూస్తాయి. రికార్డు ఏ రూపంలో ఉంటుంది, రేపు దాన్ని బయటికి తీసుకోగలమా అని అడిగేవారు తక్కువ. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఈ రకం సాఫ్ట్‌వేర్లలో ప్రపంచమంతా తిరిగింది కోహా. అది పుట్టింది న్యూజిలాండ్‌లోని లెవిన్ అనే చిన్న పట్టణంలో. అక్కడి హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్‌కు 2000 సంవత్సరం తేదీలు లెక్కవేయడం రాదు. ట్రస్ట్ 1999లో కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ చేత కొత్తదాన్ని రాయించుకుంది. 2000 జనవరి మొదటివారంలో అది పనిలోకి దిగింది. బ్రౌజర్‌లో నడిచేలా రాయడం వల్ల శాఖలు మామూలు టెలిఫోన్ లైను మీదే ప్రధాన గ్రంథాలయంతో కలవగలిగాయి. ఖర్చుపెట్టి రాయించుకున్నదాన్ని ట్రస్ట్ తన దగ్గరే దాచుకోలేదు. జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఇచ్చేసింది. ఆ తర్వాత అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నెల్సన్‌విల్ పౌర గ్రంథాలయం మార్క్ అనే ప్రామాణిక రూపంలో రికార్డులు ఉంచుకునే సదుపాయం కోసం డబ్బు పెట్టింది. ఆ ఫలం అందరికీ దక్కింది. ఎవరి అవసరానికి వారు ఒక్కో భాగం రాయించడం, అది అందరిదీ కావడం అనే పద్ధతి అప్పుడు మొదలై నేటికీ సాగుతోంది. మధ్యలో ఒక అమెరికన్ కంపెనీ కోహా పేరును న్యూజిలాండ్‌లో తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోతే ట్రస్ట్ అడ్డుపడింది. 2013లో ఆ దరఖాస్తును అధికారులు తోసిపుచ్చారు. చిన్న ఊరి గ్రంథాలయం అంత పట్టుదల చూపకపోతే వేలాది గ్రంథాలయాలు వాడుతున్న పేరు అక్కడ ఒకరి సొంత ఆస్తి అయ్యేది.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. విశ్వవిద్యాలయాల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2000లో సోల్‌ను విడుదల చేసింది. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఇ-గ్రంథాలయను తయారుచేసింది. హైదరాబాదులో వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తెచ్చిన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్ సోర్స్ అయింది. తెలుగు గడ్డ మీద పుట్టిన ఈ చివరిదాని గురించి గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి తప్ప బయటివారికి పెద్దగా తెలియకపోవడం బాధాకరం.

రికార్డు సంగతికి వస్తే, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో హెన్రియెట్ ఆవ్రమ్ 1960లలో రూపొందించిన మార్క్ పద్ధతి ఇప్పటికీ ప్రమాణం. పుస్తకం వివరాలన్నిటికీ అందులో అంకెల గదులుంటాయి. 100వ గదిలో రచయిత, 245లో పుస్తకం పేరు, 020లో ఐఎస్‌బీఎన్, 082లో డ్యూయీ వర్గీకరణ సంఖ్య. లెవిన్‌లో రాసినా, వరంగల్‌లో రాసినా 245 అంటే పుస్తకం పేరే. అందుకే ఒక గ్రంథాలయం రాసిన రికార్డును మరొకటి నెట్ ద్వారా దించుకుని, తన యాక్సెషన్ నంబరు చేర్చి వాడుకోగలుగుతుంది. జెడ్ 39.50 అనే ప్రమాణం ఆ పని కోసమే ఏర్పడింది. ఇంగ్లిషు పుస్తకానికి ఐఎస్‌బీఎన్ కొట్టగానే రికార్డు వచ్చి వాలుతుంది. క్యాటలాగు చేసేవారికి గంటలు మిగులుతాయి. పాఠకుడి కాలం వృథా కాకూడదని 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ చెప్పిన సూత్రం నెరవేరాలంటే ముందు సిబ్బంది కాలం మిగలాలి, అది ఇక్కడ మిగులుతుంది.

తెలుగు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. కాంగ్రెస్ గ్రంథాలయం 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి భారతీయ భాషల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టింది. అందువల్ల తెలుగు పుస్తకాల రికార్డులు వాషింగ్టన్‌లో బోలెడు దొరుకుతాయి. కానీ అవి చాలావరకు రోమన్ లిపిలో, అక్షరాల పైనా కిందా గీతలూ చుక్కలూ పెట్టి రాసినవి. వాటిని అలాగే దించుకుంటే పల్నాడులో తెలుగు అక్షరాలతో వెతికే విద్యార్థికి ఆ పుస్తకం కనబడదు, అల్మరాలో ఎదురుగా ఉన్నా సరే. ఇలాంటి సందర్భానికే మార్క్‌లో 880 అనే గది ఉంది. ఒకే పేరును రెండో లిపిలో అక్కడ రాసి మూల గదితో ముడివేయవచ్చు. తెలుగు గ్రంథాలయాల్లో ఆ గదిని నింపేవారు అరుదు.

అసలు తెలుగు లిపిలో రాసినా చిక్కులు తీరవు. ఒకరు ఎంకి పాటలు అని, మరొకరు యెంకి పాటలు అని కొడతారు. వేయిపడగలును కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు. గ్రంథం ఒకచోట గ్రంధం అవుతుంది, సాహిత్యం మరోచోట సాహిత్యము అవుతుంది. శ్రీశ్రీ పుస్తకాలు ఒక గ్రంథాలయంలో శ్రీశ్రీ కింద, పక్కదాంట్లో శ్రీరంగం శ్రీనివాసరావు కింద, ఇంకోదాంట్లో శ్రీనివాసరావు శ్రీరంగం కింద పడి ఉంటాయి. మూడు గ్రంథాలయాలను ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి కలిపినరోజు శ్రీశ్రీ ముగ్గురు రచయితలుగా దర్శనమిస్తాడు. దీనికి మందు అథారిటీ ఫైలు. రచయిత పేరుకు ఒక రూపాన్ని ఖాయం చేసి, మిగిలిన రూపాలన్నీ దానికి దారి చూపేలా రాసిపెట్టాలి. కోహాలో అథారిటీ మాడ్యూల్ సిద్ధంగా ఉంటుంది, నింపేవారే కరువు. తెలుగు రచయితల పేర్లకు అందరూ ఒప్పుకున్న ఒకే అథారిటీ ఫైలు తయారుచేయడం రెండు తెలుగు రాష్ట్రాల గ్రంథాలయ సంస్థలూ విశ్వవిద్యాలయాల గ్రంథాలయ శాస్త్ర విభాగాలూ కూర్చుంటే అయ్యే పని. ఒకసారి చేస్తే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది.

మరో చిక్కు ఫాంట్లది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి డీటీపీ ఫాంట్లలో కొట్టిన క్యాటలాగులు ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అవి అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల్లా కనిపిస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేముందు వాటిని యూనికోడ్‌లోకి తిప్పి, ఒత్తులూ గుణింతాలూ మనిషి కళ్లతో సరిచూడాలి. వెతికే యంత్రాన్నీ తెలుగుకు తగ్గట్టు అమర్చాలి. కోహాలో జీబ్రా అనే భాగం సూచికలు తయారుచేస్తుంది. దాని మామూలు అమరిక రోమన్ లిపికి సరిపోతుంది. మన లిపులకు ఐసీయూ అనే మరో అమరికలోకి మార్చాలి. ఈ ఒక్క మార్పు తెలియక, తెలుగులో వెతికితే ఏదీ దొరకదని సాఫ్ట్‌వేర్ మీద నింద వేస్తుంటారు.

ఇష్యూ-రిటర్న్ మాడ్యూల్ పనితీరు ఒక పట్టికలో ఉంటుంది. ఏ శాఖ, ఏ తరగతి సభ్యుడు, ఏ రకం పుస్తకం అనే మూడింటిని కలిపి నియమం రాస్తారు. ఉదాహరణకు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో విద్యార్థికి పాఠ్యపుస్తకాలు నాలుగు, పదిహేను రోజులు, ఆలస్యమైతే రోజుకు రూపాయి. అధ్యాపకుడికి పది, ఒక సెమిస్టరు, ఫైను లేదు. రెఫరెన్స్ పుస్తకం ఎవరికీ బయటికి లేదు. వేర్వేరు సంస్థలు ఒకే సాఫ్ట్‌వేర్ కింద ఉండగలగడం ఈ పట్టిక వల్లే సాధ్యం. ఎవరి వరుసలు వారు నింపుకుంటారు, క్యాటలాగు మాత్రం ఉమ్మడి. జిల్లా గ్రంథాలయ సంస్థల నిర్మాణానికి ఇది చక్కగా సరిపోతుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని కింద శాఖలు, ఊళ్లలో పుస్తక నిక్షేప కేంద్రాలు ఉన్నాయి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు వాటికి ముఖ్య ఆధారం. జిల్లాకు ఒకే క్యాటలాగు ఉంటే, ఒక శాఖలో లేని పుస్తకం పది మైళ్ల దూరంలోని మరో శాఖలో ఉందని పాఠకుడికి తెలుస్తుంది. సెస్సు కట్టిన ఊరివాడికి అది దక్కాల్సిన సేవ.

మాడ్యూళ్ల ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లింది ఫోలియో. 2016లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఒక్కో పని ఒక్కో విడి ఆప్. స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయం 2019లో దీన్ని మొదటగా వాడుకలోకి తెచ్చింది. కాంగ్రెస్ గ్రంథాలయం కూడా 2022లో దీన్నే ఎంచుకుంది. ఒక ఆప్ తీసి మరొకటి పెట్టుకునే వీలుంది కానీ, నిలబెట్టడానికి సర్వర్లూ సాంకేతిక సిబ్బందీ గట్టిగా కావాలి. ఒక్క లైబ్రేరియన్, ఒక అటెండర్ ఉన్నచోట కోహా, ఇ-గ్రంథాలయ వంటివే సరి.

ఇక సందర్శకుల రాకపోకలు లెక్కించే మాడ్యూల్. మన గ్రంథాలయాలకు అన్నిటికంటే అవసరమై కూడా అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురవుతున్నది ఇదే. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీలు నిండేది ఉద్యోగ పరీక్షలకు చదివే యువతతో. వారిలో చాలామంది సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటారు. వారికి కావలసింది కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దం, దినపత్రిక. ఇష్యూలను మాత్రమే లెక్కించే సాఫ్ట్‌వేర్ ఇలాంటి గ్రంథాలయాన్ని ఖాళీగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆ అంకె చూసి బడ్జెట్ కోసేవారూ ఉంటారు. గుమ్మం దగ్గర కార్డు బార్‌కోడ్ చూపగానే రాకపోకల వేళలు నమోదయ్యే ఏర్పాటు ఉంటే ఏ గంటకు ఎంతమంది ఉన్నారో, ఏ నెలలో అదనపు కుర్చీలు కావాలో తేలిపోతుంది. సంతకాల రిజిస్టరు ఆ పని చేయలేదు. కంప్యూటర్లు, ప్రొజెక్టరు వంటివాటిని ముందుగా బుక్ చేసుకునే వీలు కూడా కోహాలో 2023 చివర్లో వచ్చింది.

కాలేజీల్లో ఈ సందర్శకుల లెక్కలు వేరే కారణంగా మొదలయ్యాయి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ తన నివేదికల్లో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షను, ఆటొమేషన్ పూర్తిగానా పాక్షికంగానా, గ్రంథాలయాన్ని రోజుకు ఎంతమంది వాడుతున్నారు అని అడుగుతూ వచ్చింది. గడి నింపడానికి సాఫ్ట్‌వేర్ కొని, న్యాక్ బృందం వచ్చివెళ్లాక చేతి రిజిస్టరుకు తిరిగిపోయే కాలేజీ తన విద్యార్థులకు అన్యాయం చేస్తున్నట్టే.

రాకపోకలు నమోదు చేసే వ్యవస్థ మనుషుల అలవాట్లను కూడా నమోదు చేస్తుంది. ఎవరు ఏ పుస్తకం చదివారన్నది చాలా సున్నితమైన సమాచారం. కోహాలో సభ్యుడు తన పఠన చరిత్రను ఎప్పటికీ ఉంచాలా, గ్రంథాలయం నిర్ణయించిన కాలం వరకే ఉంచాలా, తిరిగి ఇచ్చిన వెంటనే తుడిచేయాలా అని ఎంచుకునే వీలుంది. గ్రంథాలయం ఈ సదుపాయాన్ని తెరిచి ఉంచితేనే అది పాఠకుడికి కనిపిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక, ఏ అవసరానికి సమాచారం తీసుకున్నారో ఆ అవసరానికే వాడాలన్న బాధ్యత పెరిగింది. సభ్యత్వ ఫారంలో అలవాటుగా ఆధార్ నంబరు అడిగే గ్రంథాలయాలు అది తమకు నిజంగా కావాలా అని తేల్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా నడపడం ఉచితం కాదు. సర్వరు అద్దె, బార్‌కోడ్ లేబుళ్లు, స్కానర్లు, పాత పుస్తకాల రికార్డులు కొట్టించే కూలి, అన్నిటికీ మించి శిక్షణ పొందిన లైబ్రేరియన్ జీతం. మొదటి నాలుగింటికీ డబ్బు ఎలాగో దొరుకుతుంది. పోస్టు ఖాళీగా పెట్టి సాఫ్ట్‌వేర్ తెచ్చినచోట రికార్డులు సగంలో ఆగిపోతాయి. పొరుగు సేవల మనిషి పుస్తకం అట్ట చూసి పేరు కొట్టగలడు కానీ, వర్గీకరణ సంఖ్య ఇవ్వడానికి చదువు కావాలి.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు గ్రంథాలయం రాయించుకోవాల్సిన షరతులు కొన్నే. రికార్డులన్నీ మార్క్ రూపంలో, యూనికోడ్ తెలుగులో, అడిగినప్పుడల్లా పూర్తిగా ఇవ్వాలి. సభ్యుల జాబితా, ఇష్యూ వివరాలు మామూలు పట్టికగా రావాలి. నెలకోసారి బ్యాకప్ గ్రంథాలయం చేతిలో ఉన్న చోటుకు చేరాలి. ఏడాదికి ఒకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో తెరిచి, పది తెలుగు పుస్తకాలు వెతికి, ఒత్తులు చెదరకుండా వచ్చాయో లేదో లైబ్రేరియన్ స్వయంగా చూడాలి.