రహదారి వాకిట ఎఱ్ఱదీపము

అమెరికా మహానగరములలో ఉదయవేళ కార్యాలయమునకు బయలుదేరినవాడు, ఫ్రీవేలో ప్రవేశింపబోవు ర్యాంపు చివర, ఎదుట దారి తెఱపిగానే కనబడుచుండగా, ఒక ఎఱ్ఱదీపము తన్ను నిలువరించి, పచ్చదీపము వెలిగినప్పుడెల్ల ఒక్కొక్క కారునే లోనికి విడుచుచుండుట సహింపజాలక పాలకులను నిందించుట నేటి మాట కాదు. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగువారికిని ఈ విసుగు క్రొత్త కాదు. విసుగు సహజమే. కాని దానినే ప్రమాణముగా గొని ర్యాంపు మీటర్లనబడు ఈ దీపములను పెఱికివేయవలెనను వాదము ఎంతమాత్రమును అంగీకారయోగ్యము కాదని మా నిశ్చితాభిప్రాయము.

1963లో షికాగో నగరమున ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపుపై ఒక పోలీసు ఉద్యోగి నిలిచి కార్లను ఒక్కటొక్కటిగా వదలుటతో ఆరంభమైన ఈ పద్ధతియందలి యుక్తి మిక్కిలి సరళము. ఫ్రీవేలో ఒక్కొక్క వరుసయందు గంటకు సుమారు 2,000 వాహనములు సాగిపోగలవు. ఆ మేరను సమీపించిన ప్రవాహములోనికి, వీధి సిగ్నలు వదలిన కార్లన్నియు గుంపుగా చొరబడినచో, వెనుక వచ్చువారు బ్రేకు వేయుదురు, వారి వెనుకవారు మఱింత గట్టిగా వేయుదురు, ఆ అలజడి అంతకంతకు వెనుకకు ప్రాకును. అంతేకాక, ఒకసారి ప్రవాహము విచ్ఛిన్నమైన పిమ్మట ఆ రహదారియే మునుపు మోసినన్ని వాహనములను మోయజాలదు. రద్దీయనగా వాహనములు పెరుగుట మాత్రమే కాదు, దారి శక్తియే క్షీణించుట యని గ్రహింపనివారికి వాకిట నిలుపుట నిర్బంధముగా తోచును.

మిన్నెసోటా రాష్ట్రమున ఈ తగవు తీరిన విధము స్మరణీయము. మీటర్లు నిరుపయోగములని సెనేటరు డిక్ డే పట్టుపట్టగా, శాసనసభ పరీక్షకు ఆదేశించెను. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరములందలి సుమారు 430 మీటర్లును 2000 అక్టోబరు 16 మొదలు ఆరు వారములపాటు ఆర్పివేయబడెను. ఆ వారములలో ఫ్రీవేలపై సాగిన వాహనముల సంఖ్య నూటికి 9 వంతులు తగ్గినది. ప్రయాణకాలము నూటికి 22 వంతులు, ప్రమాదములు నూటికి 26 వంతులు పెరిగినవి. ఒక విధానము మంచిదో చెడ్డదో ఉపన్యాసములచే గాక, దానిని కొంతకాలము నిలిపివేసి చూచి తేల్చుకొనిన ప్రభుత్వములు లోకమున ఎన్ని గలవు? ఆ సెనేటరు వాదము ఓడినను, ఆయన కోరిన పరీక్షకు మా ప్రశంస కలదు.

అయితే ఆ పరీక్షా నివేదికలోనే మీటర్ల పక్షమువారు సాధారణముగా బిగ్గరగా చదువని పంక్తియొకటి యున్నది. ర్యాంపుపై నిరీక్షించిన కాలమును గూడ లెక్కలో వేసినచో, లక్షలాది ప్రయాణికులకెల్ల కలిసి ఏటికి మిగులునది సుమారు 25,000 గంటలు మాత్రమే. తలకు పంచినచో అది నిమిషములలోనికే వచ్చును. వాకిట పోగొట్టుకొనినదే లోపల చేకూరినదన్నమాట. ఐనను మేము మీటర్లనే ఏల సమర్థింతుము? అనుకోని జాప్యము ఏటికి సుమారు 26 లక్షల గంటలు తగ్గుననియు, 1,000కి పైగా ప్రమాదములు తప్పుననియు ఆ నివేదికయే తేల్చినది గనుక. నేడు ఇరువది నిమిషములు, రేపు నలువది, ఎల్లుండి ఎంతయో తెలియని దారిలో పోవువాడు, వైద్యుని యొద్దకు గాని బడినుండి బిడ్డను తెచ్చుటకు గాని, ముందుగానే బయలుదేరి ఆ అనిశ్చయమునకు ప్రతిదినము పన్ను చెల్లించుచునే యుండును; సగటు లెక్కలో ఆ పన్ను కానరాదు. వేగముకంటె నిశ్చయమే ప్రయాణికునికి విలువైన లాభము.

ఇక న్యాయవిషయము. దూరపు శివారున దారి ఖాళీగా నుండగనే ప్రవేశించినవాడు నిరాటంకముగా దూసికొని వచ్చుచుండగా, నగరమధ్యమున నివసించుచు నాలుగు మైళ్లు మాత్రమే పోవలసినవాడు ర్యాంపుపై నిలిచి వానికి దారి యిచ్చుచున్నాడు. మొత్తముమీద నగరమునకు మేలని ఇంజనీర్లు చెప్పు మాట సత్యమే కావచ్చును. కాని ఆ మొత్తములో ఎవరి సొమ్ము ఎవరికి చేరుచున్నదో అడుగుట పౌరుని హక్కు. పరీక్షకు పిమ్మట మిన్నెసోటా అధికారులు సామాన్య ర్యాంపులపై నిరీక్షణ నాలుగు నిమిషములను, ఫ్రీవేనుండి ఫ్రీవేకు మాఱుచోట రెండు నిమిషములను మించరాదని నియమించుకొనిరి. జనులు మొఱపెట్టువఱకు ఇట్టి హద్దు వారికి తోచకపోవుటయే వింత.

కావున నేడు మీటర్ల నమర్చదలచిన నగరము ఏదైనను, దీపమునకు ముందే పరిమితిని శాసించవలెను. ఆగిన కార్ల వరుస వీధిలోనికి ప్రాకకముందే దానిని పసిగట్టి మీటరును సడలించు ఏర్పాటు ర్యాంపు మొదటనే యుండవలెను. నగరవాసి ఎంతసేపు నిలిచెనో, శివారువాసి ఎంతసేపు నిలిచెనో వేఱువేఱుగా ఏటేట ప్రకటింపవలెను. ఈ షరతులకు సమ్మతింపని శాఖకు దీపస్తంభము నాటు అధికారము నొసగరాదు.