ఈ ఆదివారం గాడిద ఎవరు?

ఆదివారం మధ్యాహ్నం. అశోక్‌నగర్‌లో ఓ మూడంతస్తుల ఇల్లు. డాబా మీద రేకుల గది. లోపల నాలుగు మంచాలు, ఓ రైస్ కుక్కర్, గోడ నిండా మ్యాపులు, వాటి పక్కన కరెంట్ అఫైర్స్ కాగితాలు. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన పప్పు, బెండకాయ వేపుడు అప్పుడే అయిపోయాయి. కాసేపు ఎవరూ పుస్తకం జోలికి పోరు. మంచాలు గోడకు జరుగుతాయి. మధ్యలో దుప్పటి పడుతుంది.

‘‘పంచురా భై...’’ అంటాడొకడు.

అరగంట గడుస్తుంది. ఆ గదిలోంచి గాడిద ఓండ్ర వినిపిస్తుంది!

కింది వాటాలో వాళ్లకు ఇదేం కొత్త కాదు. ‘ఇవాళ ఎవరి వంతో’ అనుకుని టీవీ సౌండు కాస్త పెంచుకుంటారు, అంతే. పైన మాత్రం ఎంఏ చదివి, రాజ్యాంగంలో ఏ అధికరణం అడిగినా నిద్రలో కూడా చెప్పగల ఓ పట్టభద్రుడు గోడవైపు తిరిగి నిలబడి ముచ్చటగా మూడుసార్లు ఓండ్ర పెడుతుంటాడు. మిగిలినవాళ్లు పొట్టలు పట్టుకుని దొర్లుతుంటారు.

ఆట పేరు... గాడిద!

బయటపడితే చాలు

ఈ పేరుతో ఒకటికి మించి ఆటలున్నాయి. ముక్కలు పక్కవాడికి జరుపుకుంటూ పోయి, నాలుగూ ఒకే రకం కలవగానే చెయ్యి నేలమీద కొట్టేది ఒకటి. ఆఖరున చెయ్యి పెట్టినవాడు అందులో గాడిద. రేకుల గదిలో నడిచేది రెండోది. దానికి కాస్త బుర్ర కావాలి.

52 ముక్కలూ అందరికీ పంచేస్తారు. ఇస్పేటు ఆసు ఎవరికొస్తే వాళ్లు మొదలుపెట్టాలి. ఏ రంగు దిగితే మిగతావాళ్లూ అదే రంగు వెయ్యాలి. అందరూ వేస్తే ఆ ముక్కలు పక్కకుపోతాయి. పెద్ద ముక్క వేసినవాడు మళ్లీ దిగుతాడు. మరి ఎవరి చేతిలోనైనా ఆ రంగు లేకపోతే? మజా అంతా అక్కడే! ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్న ఏ ఆటీను రాజునో తీసి నెత్తిన కొట్టినట్టు కొడతాడు. అంతే... దిగిన రంగులో పెద్ద ముక్క వేసినవాడు అక్కడ పడ్డవన్నీ మూటగట్టుకోవాల్సిందే. చేతిలో ముక్కలు అయిపోయినవాడు ఆటలోంచి బయటపడతాడు. అందరూ బయటపడ్డాక, ముక్కలు పట్టుకుని దిక్కులు చూస్తూ మిగిలినవాడే గాడిద.

పంజాబ్‌లో ఇదే ఆటను ‘భాభీ’ అంటారు. ఓడినవాడు అక్కడ వదిన అవుతాడు. కేరళలో ‘కళుత’... అంటే గాడిదే. రాష్ట్రాలు మారినా ఏడిపించడం మారలేదన్నమాట.

మిగతా ఆటలకూ దీనికీ ఓ తేడా ఉంది. ఇందులో గెలిచినవాడంటూ ఎవడూ ఉండడు. ముందు బయటపడినవాడికి కప్పూ లేదు, చప్పట్లూ లేవు. గోడకు ఆనుకుని మిగతావాళ్ల తిప్పలు చూసి నవ్వుకునే హక్కు ఒక్కటే దక్కుతుంది. ఓడేది మాత్రం ఒక్కడే. వాడికి పడే శిక్షలు కూడా గది గదికీ వేరు. ఒకచోట ఓండ్ర పెట్టాలి. ఇంకోచోట వారంపాటు కుక్కర్ తోమాలి. మరోచోట ఎండలో నారాయణగూడ దాకా నడిచి అందరికీ టిఫిన్ కట్టించుకు రావాలి.

పేక పేరెత్తితే...

‘పేకముక్కలు పట్టుకున్నావంటే కాళ్లు విరగ్గొడతా’... చాలామంది తెలుగు పిల్లలు చిన్నప్పుడు విన్న మాటే ఇది. ధర్మరాజు, నలుడు పాచికలతో పోగొట్టుకున్న కథలు చెప్పి మరీ భయపెట్టారు పెద్దవాళ్లు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. పొలాలు, పుస్తెలు పేకాటలో పోవడం చూసినవాళ్లు వాళ్లు.

పేకముక్కలు కోర్టు మెట్లెక్కిన కథ కూడా ఈ ఊళ్లోనే మొదలైంది. 1963లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాటలాంటిది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలనీ, ఏది దాచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలనీ, అందుకే అదృష్టం కన్నా నైపుణ్యమే ఎక్కువనీ న్యాయస్థానం తేల్చింది. క్లబ్బుల్లో పేకాట మాటెత్తితే లాయర్లు దశాబ్దాలపాటు ఆ తీర్పునే చూపించారు. తరువాత ఆట ఫోన్లలోకి వచ్చింది. జీతాలకు జీతాలే మింగేయడం మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకీ తలుపులు మూసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది.

ఈ గొడవలన్నిటికీ మూలం డబ్బు. గాడిద ఆటలో పందెం డబ్బు కాదు... పరువు!

అయినా పేకముక్కల్ని చూస్తే ఇంటి ఓనరుకు అనుమానమే. అలాంటి గదుల్లో పిల్లలు పాత ఆటొకటి బయటకు తీస్తారు. మాక్ టెస్టు పేపర్ల వెనకవైపు తెల్లగా ఉన్న చోటు చూసి చింపుతారు. చీటీల మీద రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, హనుమంతుడు అని రాసి మడిచి వేస్తారు. ‘రాముడు’ వచ్చినవాడు మొహాలు చూసి సీత ఎవరో కనిపెట్టాలి. గడ్డం పెంచుకుని, తువ్వాలు భుజానేసుకుని, అమాయకంగా పైకప్పు చూస్తున్నవాడే సీతని తేలినప్పుడు... ఆ నవ్వులకు రేకులు ఎగిరిపోవాల్సిందే! పైసా ఖర్చులేదు. ఏ చట్టమూ అడ్డురాదు.

సెలూన్‌లో పుట్టిన ఉనో

ఇప్పుడు నగరంలో స్నేహితులు కలిస్తే ఆడుకోవడానికి రంగురంగుల పెట్టెల్లో ఎన్నో ఆటలు దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటి పుట్టిల్లు మాత్రం ఇలాంటి గదే.

ఉనో సంగతే చూడండి. 1971లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మెర్ల్ రాబిన్స్ అనే సెలూన్ యజమానికీ, అతని కొడుక్కీ ‘క్రేజీ ఎయిట్స్’ అనే పేకాట నియమాల మీద వాదన వచ్చింది. ఎటూ తెగకపోవడంతో ఆయన కొత్త ఆటే తయారుచేశాడు. ఇంటిల్లిపాదీ, బంధుమిత్రులూ కలిసి 8,000 డాలర్లు పోగేసి 5,000 సెట్లు అచ్చువేయించారు. మొదట అమ్మింది ఆ సెలూన్‌లోనే. తరువాత హక్కుల్ని 50,000 డాలర్లకూ, సెట్టుకు 10 సెంట్ల రాయల్టీకీ అమ్మేశాడు. ఖాళీలు పూరిస్తూ పెద్దవాళ్లు మాత్రమే నవ్వుకోదగ్గ ‘కార్డ్స్ అగైన్‌స్ట్ హ్యుమానిటీ’ కూడా అంతే. ఎనిమిది మంది బడి స్నేహితులు కొత్త సంవత్సరం పార్టీ కోసం అల్లుకున్న ఆట అది.

అంత దూరం ఎందుకు... మన నిర్మల్ కళాకారులు ఒకప్పుడు గుండ్రటి గంజిఫా పేకముక్కల మీద బొమ్మలు దిద్దేవారు. దశావతార గంజిఫాలో పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 ముక్కలు. దేవుళ్ల బొమ్మలు చేతిలో పట్టుకుని ఆడుకున్న జాతి మనది. చీటీల మీద సీతారాముల పేర్లు రాసుకోవడంలో వింతేముంది?

పదిమంది ఒకచోట కూర్చున్నప్పుడు వాళ్లకు కావాల్సింది నవ్వడానికో సాకు. ఆ సాకు పెట్టెలో వచ్చినా, పరీక్ష పేపరు వెనక నుంచి వచ్చినా ఒకటే.

మూడుసార్లు పంచిన పరీక్ష

ఆ పేపరు ముందువైపు సంగతి వేరు. అక్కడ నవ్వులుండవు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ సందుల్లో ఉండే కుర్రాళ్లకు కొన్ని తేదీలు పుట్టినరోజులకన్నా బాగా గుర్తు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది. 503 పోస్టులు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని తేలి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. నిర్వహణలో లోపాలున్నాయంటూ సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న ముచ్చటగా మూడోసారి రాశారు. ఈసారి దరఖాస్తులు నాలుగు లక్షల పైచిలుకు.

‘‘మంచి ముక్కలు పడ్డాయనుకునేలోపు మళ్లీ కలిపిండ్రన్నా’’ అంటారు ఆ గదుల్లో.

నాలుగు లక్షల మందిలో గెలిచేది 563 మంది. మిగిలినవాళ్లంతా ఓడినవాళ్ల కిందే లెక్క. ఆ ఓటమిని ఎవరికి వాళ్లే మోసుకోవాలి. రిజల్టు రోజు రాత్రి గదిలో లైటు తీసేసి అటు తిరిగి పడుకుంటారు. ఇంటి నుంచి ఫోనొస్తే డాబా మీదికి వెళ్లి మాట్లాడతారు. ‘పక్కింటోళ్లబ్బాయికి వచ్చిందట గదా’ అన్న మాట అమ్మ అనకుండా మింగేసినా వీళ్లకు వినిపిస్తుంది.

గాడిద ఆట లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అందులో అందరూ బయటపడతారు, ఒక్కడే మిగులుతాడు. ఆ ఒక్కడి ఓటమిని గది మొత్తం చుట్టూ కూర్చుని పంచుకుంటుంది. పైగా ఆ గాడిదతనం ఎంతసేపని? మళ్లీ పంచేదాకానే! ఏళ్ల తరబడి ‘ఇంకా ఏమీ కాలేదా’ అనిపించుకుంటున్న కుర్రాడికి, అయిదు నిమిషాల్లో తీరిపోయే ఓటమి ఎంత హాయో ఆలోచించండి. ఓడి కూడా నవ్వొచ్చని, నవ్వించుకున్నాక కూడా అదే కంచంలో తినొచ్చని ఆ దుప్పటి మీదే తెలుస్తుంది.

కాకపోతే ఓ మాట ఆటలోంచి జీవితంలోకి జారిపోయింది. ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేసినవాడిని కూడా అక్కడ ‘బయటపడ్డాడు’ అంటారు. ఎస్సై అయినవాడు బయటపడ్డాడు. టీచరైనవాడు బయటపడ్డాడు. మంచాలు ఒక్కొక్కటే కొత్తవాళ్ల చేతుల్లోకి పోతుంటాయి. అందరికంటే పాతవాడు మాత్రం కిటికీ పక్కన అదే మంచం మీద ఉంటాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా వాడు ముక్కలు సర్దుకుంటున్నట్టు తల దించుకుంటాడు. ఆఖరున మిగిలేది తనేనేమో అన్న భయం ఏ శిక్షకూ తీరేది కాదు.

చేతిలో రెండు ఉండగా...

ఆ ఆదివారం రేకుల గదికి ఓ అతిథి వచ్చాడు. నిరుడు గ్రూప్-4లో బయటపడినవాడే. కొత్త చొక్కా, చేతిలో రెండు బిర్యానీ పార్సిళ్లు. తిన్నాక దుప్పటి పరిచారు.

‘‘సర్కారు నౌకరి గదా, ఆట మరిచినట్టున్నవ్ మామా’’ అన్నారు. ‘‘పంచుండ్రి, చూస్తరు’’ అన్నాడు.

ఆట జోరుగా సాగింది. ఇద్దరు బయటపడ్డారు. మిగిలింది ముగ్గురు... కొత్తగా వచ్చిన కుర్రాడు, కిటికీ పక్క మంచంవాడు, అతిథి. దిగే వంతు అతిథిది. ఇస్పేటు రాజు తీసి వేశాడు. కిటికీ పక్కవాడి దగ్గర ఇస్పేటు అయిదు ఉంది, వేశాడు. కొత్త కుర్రాడి దగ్గర ఇస్పేటు లేదు. చెయ్యెత్తి కొట్టాడు. పడ్డవన్నీ అతిథి ఎత్తుకోవాల్సి వచ్చింది. ఇంకో రెండు చుట్లకు మిగతా ఇద్దరి చేతులూ ఖాళీ.

‘‘గవర్నమెంట్ గాడిద!’’ అని గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది కిటికీ పక్కవాడే. అతిథి కొత్త చొక్కా చేతులు మడిచి, గోడవైపు తిరిగి, నియమం ప్రకారం మూడుసార్లు ఓండ్ర పెట్టాడు. కింది వాటాలో టీవీ సౌండు పెరిగింది.

ముక్కలు పోగేస్తుంటే అతిథి చేతిలో ఇస్పేటు రెండు కనిపించింది. ఆ రెండు వేసి ఉంటే కిటికీ పక్కవాడి అయిదే పెద్దదయ్యేది. పడ్డవన్నీ వాడి నెత్తినే పడేవి.

రెండు ఉండగా రాజు ఎందుకు వేశాడో ఎవరూ అడగలేదు.

‘‘మళ్లీ పంచురా భై...’’ అన్నాడు కిటికీ పక్కవాడు.